కారు తలుపు నమూనాతో పాలమూరు పోయి వచ్చాను

తిరుమలగిరి నుంచి పాలమూరు దాకా పోయి కారు తలుపు కొనుక్కొచ్చిన ఆడమనిషిని మా మండలంలో నేనొక్కదాన్నే అనుకుంటాను. వచ్చిన నాటి నుంచి బోరింగు కాడ, రేషన్ షాపు కాడ, సంఘం మీటింగులో అందరూ అదే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ మొదటి నుంచి చెప్తే గొంతు ఎండుతుంది, పొయ్యి మీద కూర మాడుతుంది. రాసిపెడితే ఒక్కసారితో తీరుతుంది. నేను చదివింది నాలుగో తరగతి. దీర్ఘాలు, ఒత్తులు తప్పిన చోట మనవరాలు దిద్దింది. మాట మాత్రం ఒక్కటీ మార్చనివ్వలేదు.

తిరుమలగిరి: తలుపు పోయిన సంగతి

మా కొడుకు యాదగిరికి ఒక తెల్ల కారు ఉంది. పాతదే. పెళ్లిళ్లకు, దవాఖానకు, బీబీనగర్ దిక్కు పెళ్లికి పిల్లను చూడబోయే వాళ్లకు కిరాయికి నడుపుతాడు. కిరాయి ఒకరోజు ఉంటే నాలుగు రోజులు ఉండదు. ఈ మధ్య కాలువ పనులు చూసే ఇంజినీరు సారు ఒకాయన నెల కిరాయికి కారు కావాలన్నాడు. "సోమవారం పొద్దుగాల వచ్చి బండి చూస్త. మంచిగుంటే ఏడాది దాక నువ్వే నడుపు" అన్నాడు. నెల నెలా జీతం వచ్చినట్టు వచ్చే కిరాయి. యాదగిరి పదేళ్ల నుంచి ఇటువంటి పని కోసమే చూస్తున్నాడు.

అంతకు ముందటి మంగళవారం వాడు నన్ను కారులో అంగడికి తీసుకుపోయాడు. రోడ్డు పక్కన ఆపాడు. నేను డ్రైవరు వెనుక సీట్లో ఉన్నాను. రోడ్డు అవతల ఒకామె కొత్తిమీర పెద్ద పెద్ద కట్టలు కట్టి అమ్ముతోంది. ఆ కట్టలు చూసి నేను రోడ్డు దిక్కు తలుపు తీశాను. వెనుక నుంచి వరికోత మిషన్ వస్తోంది. నేను ఇంకా కాలు బయట పెట్టలేదు గనుక ఇవాళ ఇది రాస్తున్నాను. తలుపు మాత్రం మిషన్ ముందర ఇనుప పళ్లకు తగులుకుని యాభై గజాలు పోయింది. తిరిగి తెచ్చి ఇచ్చినప్పుడు మడత పెట్టిన చద్దరులా ఉంది.

యాదగిరి నన్ను తిట్టలేదు. అదే నాకు కష్టమైంది. కూరలో ఉప్పు ఎక్కువైతే గంటసేపు తిట్టే మనిషి వాడు. ఈసారి నోరు తెరవలేదు. అన్నం తిన్నాడు, పోయి కారు పక్కన రాయి మీద కూర్చున్నాడు. రెండు రోజులు అంతే. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ తిట్టకుండా రెండు రోజులు గడిచింది నా పెళ్లయిన నాటి నుంచి లేదు.

గ్యారేజీ లింగయ్యను అడిగితే కొత్త తలుపు ధర చెప్పాడు. ఆ ధరకు మా కోడలికి చెవులకు, ముక్కుకు బంగారం వస్తుంది. పాతదైతే దొరుకుతుంది గాని వెతకాలన్నాడు. యాదగిరి అత్త, నాకు వదినె వరుస అయిన సుశీలమ్మ పాలమూరులో ఉంటుంది. ఆమెకు ఫోన్ చేస్తే వాళ్ల వాడకట్టు వెనుకనే ఖాదర్ సాబ్ అనే ఆయన పాత కార్లు విప్పి ముక్కలు అమ్ముతాడని చెప్పింది. అక్కడికి పోతే పడుకోవడానికి చోటు, తినడానికి తిండి ఉత్తగనే. యాదగిరికి, లింగయ్యకు తలుపు బిగించే చోట వంగిన ఇనుము సరిచేసే పని ఉంది. తలుపు పోగొట్టింది నేను, తెచ్చేది కూడా నేనే అన్నాను.

"ఒక్కటే కారని చూడంగనే కొనుక్కరాకు అవ్వా" అన్నాడు లింగయ్య. "కంపెనోళ్లు రెండేండ్లకోసారి జరజర మారుస్తరు. తలుపు వంపు కలవాలె. కారుకు పట్టుకునే కబ్జాల మధ్య దూరం కలవాలె. నమూనా లేకుంట పోతే పని ఖరాబైతది."

కబ్జాల దూరానికి నేను పురికొసకు రెండు ముళ్లు వేసుకున్నాను. తలుపు ఆకారానికి మందంగా, పెద్దగా ఏదైనా కావాలి. అట్ట కొనమన్నాడు. ఎందుకు కొనాలి? ఇంట్లో ఫ్లెక్సీ ఉంది. మా ఇంటాయన సంవత్సరీకానికి యాదగిరి చేయించాడు. చౌరస్తాలో కట్టారు. మొఖమే తలుపంత ఉంటుంది. పని అయిపోయాక అందరూ ఫ్లెక్సీలను అక్కడే వదిలేస్తారు, ఎండకు చినిగిపోతాయి. నేను విప్పి తెచ్చి గడ్డివాముకు కప్పాను. వాన చుక్క దిగలేదు.

"అత్తమ్మా, మామ మొఖం కోస్తరా?" అని కోడలు కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మొఖం కొయ్యం. చుట్టూ కోస్తం" అన్నాను.

లింగయ్య దాన్ని మంచిగా ఉన్న అవతలి దిక్కు తలుపు మీద పరిచాడు. పెద్దమనిషి మొఖాన్ని ఇనుముకు ఎట్ల ఆనిస్తామని బొమ్మ పైకి వచ్చేటట్టు పెట్టి, తలుపు ఆకారానికి కోశాడు. హ్యాండిల్ దగ్గర చేసిన కంత ఆయన ఎడమ చెవి కాడికి వచ్చింది.

"జర ఇను అవ్వా. గిది ఎడమ తలుపు మీద కోసిన. మనకు కావాల్సింది కుడిది. అక్కడ తిర్లేసి పెట్టాలె. బొమ్మ ఇనుము దిక్కు, తెలుపు నీ దిక్కు. మర్చిపోకు."

"నలభై ఏండ్లు జాకెట్లు కుట్టిన నాకు చెప్తున్నవా?" అన్నాను.

నల్లగొండ, దేవరకొండ: బస్సులో

శుక్రవారం పొద్దున నాలుగు జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు మూట కట్టుకుని బయలుదేరాను. ఇప్పుడు ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు, ఆధార్ కార్డు చూపిస్తే సున్నా చీటీ ఇస్తారు. నల్లగొండ బస్టాండులో చాయ్ పదిహేను రూపాయలు. మా ఊర్లో పది. గ్లాసు చూస్తే పిల్లల దగ్గు మందు పోసే మూతంత ఉంది. చాయ్ వాసన చూసి వచ్చి దేవరకొండ మీదుగా పాలమూరు పోయే బస్సులో కూర్చున్నాను.

ఫ్లెక్సీని చుట్టి తాడు కట్టాను గాని, బస్సు గుంటలో పడగానే తాడు తెగి అంతా తెరుచుకుంది. మళ్లీ చుడదామంటే ఒక మూల మడత పడుతోంది. మడత పడితే కొలత తప్పుతుంది. అందుకని ముందు సీటుకు ఆనించి నిలబెట్టాను. మా ఇంటాయన బస్సు మొత్తాన్ని చూసి నవ్వుతున్నాడు.

పక్కన కూర్చున్న ఆమె కొండమల్లేపల్లికి పోతోంది. కొంగు నోటికి పెట్టుకుంది. "అయ్యో అక్కా, ఎప్పుడు పోయిండు?"

"పోయినేడు."

"గిప్పుడు బొమ్మ ఏడికి తీస్కపోతున్నవ్?"

"పాలమూరుకు. కారు తలుపు కొనేటందుకు."

ఆమె బొమ్మను ఒకసారి, నన్ను ఒకసారి చూసింది. "ఆయినకు కారంటే మస్తు పాయిరమా?"

"జిందగీల కారెక్కలే. సైకిలే."

 ఆమె దిగేటప్పుడు నా ఒళ్లో రెండు బత్తాయిలు పెట్టి పోయింది. దుఃఖంలో నాకు మతి తప్పిందనుకున్నట్టుంది. అడ్డం చెప్పలేదు, బత్తాయిలు మంచివి. దేవరకొండలో ఎక్కిన వాళ్లు ఎక్కినట్టు ఆయనకు దండం పెట్టి కూర్చున్నారు. ఒక ముసలాయన కండువా తీసి చంకలో పెట్టుకుని మరీ పెట్టాడు. బతికినన్నాళ్లు ఈయనకు పాలోళ్లు, అంటే సొంత దాయాదులు కూడా దండం పెట్టలేదు.

పాలమూరు: వదినె ఇల్లు

జడ్చర్ల దాటి పాలమూరులో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. సుశీలమ్మ వదినె బస్టాండుకు వచ్చింది. వాళ్లు చర్చికి పోతారు. వాళ్లింట్లో తినే ముందు ప్రార్థన ఉంటుంది. మామూలుగా చిన్నదే. ఆ రాత్రి మాత్రం అందులో యాదగిరి పేరు వచ్చింది, ఇంజినీరు సారు పేరు ఆమెకు తెలియదు గనుక "ఆ కాలువల అధికారి" అని, చివరికి తలుపు, దాని అద్దం, దాని గొళ్లెం కూడా వచ్చాయి. రొట్టెలు చల్లారాయి.

"వదినె, గొళ్లెం దేవుడు చూసుకుంటడు, ఇగ ఆమెన్ అను" అన్నాను.

"తొందరవడితే దేవుడు తొందరగ ఇస్తడా వదినె?" అని ఆమె ఇంకో నిమిషం పొడిగించింది.

వాళ్ల పచ్చిపులుసులో పల్లీల పొడి వేస్తారు. మేము నువ్వుల పొడి వేస్తాం. కూరలో పల్లీలు, తొక్కులో పల్లీలు, నాలుగింటికి చాయ్‌తో ఉడకబెట్టిన పల్లీలు. మొదటి పూట బాగుంటుంది. రెండో పూటకు కారు తలుపులో కూడా పల్లీలు ఉంటాయేమో అనిపిస్తుంది. కాని ఒకటి చెప్పాలి: వడ్డించేటప్పుడు చాలు అంటే వినరు. మా దిక్కు ఒకసారి చాలు అంటే గిన్నె లోపలికి పోతుంది.

ఖాదర్ సాబ్ జాగా

శనివారం పొద్దున ఇద్దరం పోయాం. తలుపులన్నీ పుస్తకాల లెక్క నిలువుగా పేర్చి ఉన్నాయి. గేటు మీద ఎర్ర రంగుతో రాసి ఉంది: గేటు దాటినాక వాపస్ లేదు. ఖాదర్ సాబ్‌కు నా వయసే ఉంటుంది, తెల్ల గడ్డం, భుజాన తెల్ల తువ్వాల.

"ఏ తలుపు కావాలె అమ్మా?"

"డ్రైవర్ ఎన్క తలుపు" అని కారు పేరు చెప్పాను.

కుడి తలుపు ఒకటి తెచ్చాడు. నేను వేలి కణుపుతో పై నుంచి కింది దాకా కొట్టి చూశాను. అంగట్లో కుండ కొనేటప్పుడు ఎట్ల కొడతామో అట్ల. పైన ఖంగుమంది. కింది మూలకు పోయేసరికి చప్పుడు మొద్దుబారింది.

"గిది పగిలిన కుండ" అన్నాను.

"కుండ కాదమ్మా, తలుపు."

"ఏదైనా సరే. గీడ లోపల ఇంకేదో పెట్టి పూసిండ్రు."

ఖాదర్ సాబ్ జేబులోంచి అయస్కాంతం తీసి ఆ మూలకు పెట్టాడు. అంటలేదు, జారి కింద పడింది. దెబ్బ తగిలిన చోట లప్పం పెట్టి, పైన రంగు వేశారు. "ముప్పై ఏండ్ల సంది ఈ పని చేస్తున్న. ఏలితోని పట్టినోళ్లను చూడలే" అని రెండో కుడి తలుపు తెప్పించాడు. ఇటుక రంగుది. అన్ని దిక్కులా ఖంగుమంది. అద్దం తిప్పితే దిగింది, ఎక్కింది. కబ్జాల దగ్గర నా పురికొస పెట్టాను. ముడి మీద ముడి కలిసింది.

ఇక నమూనా. నేను ఫ్లెక్సీని తిర్లేసి, బొమ్మ లోపలికి పెట్టబోయాను. ఖాదర్ సాబ్ నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు.

"తౌబా తౌబా! ఎవరమ్మా ఈ పెద్దాయన?"

"మా ఇంటాయన. పోయిండు."

"పోయిన మనిషి మొఖం తీస్కపోయి తుప్పు ఇనుముకు ఆనిస్తవా? నా జాగల గట్ల కానియ్య." రెండు చేతులతో ఫ్లెక్సీని ఎత్తి, తిప్పి, బొమ్మ పైకి పెట్టాడు. తువ్వాలతో మొఖం మీద దుమ్ము తుడిచాడు. వదినె కూడా "సాబ్ చెప్పింది నిజమే" అంది.

నాకు సిగ్గేసింది. కట్టుకున్నదాన్ని నేను, మొఖం కాపాడింది పరాయి మనిషి. ఆ సిగ్గులో లింగయ్య మాట నోట్లోంచి రాలేదు. వచ్చినా చెప్పేదాన్ని కాదేమో.

బొమ్మ పైకి పెడితే నమూనా ఆ తలుపుకు కలవలేదు. వంపు ఇటు ఉంటే అది అటు పోయింది. ఖాదర్ సాబ్ గడ్డం గోక్కున్నాడు. "నీకు కావాల్సింది ఈ దిక్కుది కాదమ్మా" అని ఎడమ తలుపు తెప్పించాడు. అదీ ఖంగుమంది. అదీ పురికొసకు కలిసింది. మా ఇంటాయనను దాని మీద పరిస్తే అంచుకు అంచు, మూలకు మూల, హ్యాండిల్ సరిగ్గా చెవిలోంచి బయటికొచ్చింది.

"డ్రైవర్ ఎన్కనే కూసున్న సాబ్. నాకు మంచిగ యాదుంది" అన్నాను.

"ఆ గాబరల నీకేం యాదుంటది వదినె?" అంది సుశీలమ్మ. "మిషన్ మీదికొస్తుంటే కుడేదో ఎడమేదో ఎవలు చూస్తరు?"

"మనిషి మర్చిపోతడు. నమూనా మర్చిపోదు" అన్నాడు ఖాదర్ సాబ్.

ముగ్గురం నమూనానే నమ్మాం. నేను ఏ సీట్లో కూర్చున్నానో నాకే అనుమానం వచ్చింది. ధర అడిగితే నాలుగున్నర వేలు అన్నాడు. నేను లేచి గేటు దాకా పోయాను. మూడు వేల రెండు వందలకు ఇచ్చాడు, పైన రబ్బరు పట్టీ ఉత్తగ.

కల్వకుర్తి

తిరుగు బస్సులో కండక్టరు నాకు సున్నా చీటీ ఇచ్చి, తలుపును చూశాడు.

"దీనికి లగేజీ అయితది అవ్వా."

"నా ఒళ్లె పెట్టుకుంట."

"ఒళ్లె పిల్లలు కూసుంటరు గని తలుపులు కూసుంటయా?"

లగేజీ కట్టాను. పైసలు కట్టాను గనుక తలుపును కూడా సీట్లోనే పెట్టాను, నాకూ దారికీ మధ్య నిలువుగా. అవతలి సీటు ముసలాయన మాట్లాడాలనుకున్నప్పుడల్లా అద్దం మీద టకటక కొట్టేవాడు. నేను పిడి తిప్పి అద్దం దించి "ఏంది?" అనేదాన్ని. ఊరేది, ఎందరు పిల్లలు, తలుపెంతకొచ్చింది అని ఒక్కొక్కటే అడిగాడు. నాలుగోసారి అద్దం దించలేదు.

కల్వకుర్తిలో ఒక జీపు డ్రైవరు ఎక్కాడు. తలుపు దగ్గర నిలబడి చూశాడు. "ఏ దిక్కు తలుపు పోయిందవ్వా?"

"డ్రైవర్ ఎన్కది... కాదు. గీ దిక్కుదే."

"నీకే తెల్వదా?"

జరిగిందంతా చెప్పాను. వాడు తల పట్టుకున్నాడు. "కొత్తిమీర రోడ్డు అవతల ఉన్నదంటివి. మిషన్ ఎన్క నుంచి వచ్చి పక్క నుంచి పోయిందంటివి. బండి ఎడమకు ఆపుతరు గద, రోడ్డు కుడికే ఉంటది గద! గిది ఎడమ తలుపు. కబ్జాలు ముందట ఉండాలె. దీన్ని నీ కారుకు పెడితే హ్యాండిల్ లోపలికొస్తది. రోడ్డు మీద పోయేటోళ్లు కార్ల ఉన్నట్టు, కార్ల కూసున్నోళ్లు రోడ్డు మీద ఉన్నట్టు ఐతది."

బస్సంతా నవ్వింది. నేను ఫ్లెక్సీ తీసి మొదటి నుంచి చూపించాను. ఒకాయన బొమ్మ పైకే ఉండాలన్నాడు, ఒకామె లోపలికే ఉండాలంది. ముసలాయన అద్దం మీద టకటక కొడుతున్నాడు. ఫ్లెక్సీని అటు తిప్పి ఇటు తిప్పి తలుపుకు పెట్టి చూస్తుంటే, అప్పుడే ఎక్కిన ఇద్దరు ఆడవాళ్లు ఏమీ అడగకుండా చేతులు జోడించారు.

నాకు నవ్వు రాలేదు. ఆదివారం ఖాదర్ సాబ్ జాగా మూసి ఉంటుందని పొద్దున్నే చెప్పాడు. సోమవారం పొద్దున ఇంజినీరు సారు వస్తాడు. యాదగిరి ఆ రాయి మీదనే కూర్చుని ఉంటాడు. అప్పటికి శనివారం ఒంటిగంట దాటింది. కండక్టరును బస్సు ఆపమని అడిగి తలుపుతో సహా దిగాను. కల్వకుర్తిలో మిర్చి బజ్జీలు బాగుంటాయని విన్నాను. వాసన బాగానే ఉంది. కారం తినే మూడ్ కూడా లేదు, చెయ్యి కూడా ఖాళీగా లేదు.

ఎదురు బస్సులో మళ్లీ లగేజీ కట్టాను. తలుపు కోసం రెండోసారి.

మళ్లీ ఖాదర్ సాబ్ జాగా

బస్సులోంచే సంగతి చెప్తే వదినె ఫోన్‌లో "ప్రార్థన చేస్తున్న" అంది. "చేసుకుంట చేసుకుంట సాబ్ జాగ కాడికి పోయి గేటు మూయనియ్యకు" అన్నాను. నేను పోయేసరికి గేటుకు అడ్డంగా నిలబడే ఉంది.

ఖాదర్ సాబ్ ఎర్ర అక్షరాల వైపు వేలు చూపించాడు. "సదువు వచ్చుగద అమ్మా."

"వచ్చు. గది రాసింది నువ్వే. బొమ్మ తిప్పింది గూడ నువ్వే. మా లింగయ్య తెలుపు పైకి పెట్టమన్నడు. నేను పెట్టబోతే తౌబా అన్నది ఎవలు?"

ఆయన ఫ్లెక్సీని చూశాడు. ఎడమ తలుపును చూశాడు. గాలిలో అరచెయ్యి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పుకున్నాడు. "యా అల్లా" అని ఎర్ర అక్షరాలకు వీపు తిప్పి నిలబడ్డాడు. "రా అమ్మా, లోపలికి రా."

ఆ ఇటుక రంగు కుడి తలుపు మాత్రం పేర్చిన చోట లేదు.  అమ్మారా అంటే లేదన్నాడు. జాగా వెనుకకు పోతే కనబడింది. నాలుగు టైర్ల మీద పడుకోబెట్టి, చుట్టూ ముగ్గురు పనివాళ్లు కూర్చుని అన్నం తింటున్నారు. బగారన్నం, సొరకాయ దాల్చా. అద్దం దించిన సందులో మంచినీళ్ల కుండ చేయించినట్టు సరిగ్గా కూర్చుంది.

"లేవుండ్రి, గది మా తలుపు" అన్నాను.

"తిననీ అమ్మా, అన్నం మీద ఉన్నోళ్లను లేపరాదు" అన్నాడు ఖాదర్ సాబ్. అది మా దిక్కు కూడా అంతే. కాబట్టి నిలబడ్డాను. నిలబడితే ఊరుకోలేదు, నన్నూ వదినెనూ కూర్చోబెట్టి పళ్లాలు పెట్టారు. మేము బగారన్నం పెళ్లికో పండుగకో వండుతాం. వీళ్లు వట్టి శనివారానికి వండారు. దాల్చా చాలా బాగుంది. పొద్దున్నుంచి తినలేదు, రెండుసార్లు వేయించుకున్నాను. మా కొడుక్కు కావాల్సిన తలుపు మీద నేనే కూర చుక్కలు పోశాను.

తిన్నాక బూడిద పెట్టి తలుపును నేనే తోమాను. ఇక నమూనా పెట్టాలి. ఈసారి తెలుపు పైకి, మొఖం లోపలికి. ఫ్లెక్సీని పట్టుకుని ఖాదర్ సాబ్ ఆగిపోయాడు. నేనూ ఆగాను. తప్పదని తెలుసు, చెయ్యి ముందుకు పోలేదు.

"జర ఆగు" అని ఆయన భుజం మీది తువ్వాల తీశాడు. దులిపాడు. శుభ్రంగా ఉన్న దిక్కు చూసి తలుపు మీద పరిచాడు. "గిప్పుడు పెట్టు. మెత్తగ ఉంటది."

పెట్టాను. అంచుకు అంచు కలిసింది. మూలకు మూల కలిసింది. వదినె కళ్లు మూసుకుంది. "ప్రార్థన తర్వాత చెయ్యి వదినె, ముందు ఆ చివర పట్టుకో" అన్నాను. తలుపుకు తలుపు మార్చుకున్నాం. పైసా అడగలేదు, నేను ఇవ్వలేదు. గేటు మీద రాసింది మార్చుకొమ్మని చెప్పి వచ్చాను.

ఆదివారం

మొదటి బస్సుకే బయలుదేరాను. చర్చి ఎగ్గొట్టి వదినె బస్టాండు దాకా తలుపుకు ఒక చివర పట్టింది. ఆమె ఆదివారం చర్చి ఎగ్గొట్టడం నేను మొదటిసారి చూశాను. ఒక సంచి పల్లీలు కూడా ఇచ్చింది. దేవరకొండలో ఒకాయన "గిది కుడి తలుపు గదా అవ్వా?" అని అడిగాడు. అతనికి ఒక పిడికెడు పల్లీలు పెట్టాను.

ఇంటికి వచ్చేసరికి మూడు దాటింది. లింగయ్య కబ్జాలకు బోల్టులు బిగించాడు. యాదగిరి స్పానర్లు అందించాడు. తలుపు ఒకసారి మూశాడు. చప్పుడు విన్నాడు. నా దిక్కు చూశాడు గాని ఏమీ అనలేదు. పోయి కాళ్లు కడుక్కున్నాడు.

సోమవారం

ఇంజినీరు సారు ఎనిమిదింటికి వచ్చాడు. కారు చుట్టూ తిరిగి, తెల్ల కారుకు ఇటుక రంగు తలుపు కాడ ఆగాడు.

"ఇదేంది?"

"పాత తలుపు పోయింది సార్. ఇది పాతదే తెచ్చి పెట్టినం. పది దినాలల్ల తెల్లరంగు ఏయిస్త" అన్నాడు యాదగిరి. 

సారు తలుపు తీశాడు, మూశాడు. తలుపుకూ కారుకూ మధ్య ఉన్న సందులో వేలి గోరు పెట్టి పై నుంచి కింది దాకా జరిపాడు. మళ్లీ తీశాడు, మూశాడు. "సందు అంతట ఒక్క తీరుగుంది. ఎవరు చూసి తెచ్చిండ్రు?"

"మా అమ్మ."

నేను చీపురు పట్టుకుని వాకిట్లో ఉన్నాను. సారు నన్ను చూశాడు. "ఎట్ల చూసి తెచ్చినవ్ అవ్వా?"

చెప్పడం మొదలుపెడితే పొద్దు పోతుంది. "ఎట్లనో తెచ్చిన. కారు తీస్కుంటవా లేదా చెప్పు సారూ. ఊడ్సే పని ఉంది" అన్నాను.

సారు నవ్వాడు. "రేపు ఏడింటికి పంపు" అన్నాడు. ఆ తలుపే తీసి వెనుక కూర్చుని, కాలువ దాకా దింపమన్నాడు.

యాదగిరి ఆయనను దింపి పది గంటలకు వచ్చాడు. తాళాలు మేకుకు తగిలించాడు. నేను అప్పుడే పళ్లెం ముందు కూర్చున్నాను. వాడు నడుము మీద చేతులు పెట్టుకుని నా ముందు నిలబడ్డాడు.

"నీకు కండ్లున్నయా అమ్మా? రోడ్డు దిక్కు తలుపు తీసేటప్పుడు ఎన్కకు చూడాల్నా వద్దా? కొత్తిమీర కోసం పాణం ఇస్తరా ఎవలన్న? గా మిషన్ ఇంకో జానెడు ఇటు వస్తే ఏమైతుండెనో తెలుసా? ఆరు దినాల సంది కన్ను మూస్తే గదే కనవడుతాంది నాకు!"

మూడిళ్ల దాకా వినబడి ఉంటుంది. కోడలు వాణ్ని ఊరుకొమ్మని సైగ చేసింది. నేను కోడలిని ఊరుకొమ్మని సైగ చేశాను. వాడు కొత్తిమీర దగ్గర మొదలుపెట్టి, అంగట్లో నేను ఇరవై ఏళ్ల కింద పోగొట్టిన గొడుగు దాకా పోయాడు. నేను గోడకు ఆనుకుని ఇంకో రొట్టె వేయించుకున్నాను. వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు.

"అయిపోయిందా, ఇంకేమన్న ఉందా?" అని అడిగాను.

ఇంకా ఉందట. మళ్లీ మొదలుపెట్టాడు.